మా ఇంట్లో దయ్యాలన్నీ ఇటలీవే

ముందే చెప్పేస్తున్నా, నాకు హారర్ సినిమాలంటే చచ్చేంత భయం. 1992లో 'రాత్రి' వచ్చింది కదా, అది తర్వాతెప్పుడో మావయ్యవాళ్ళింట్లో వీసీపీ అద్దెకి తెచ్చి పెడితే నేను అత్తయ్య కొంగులో దూరి కళ్ళు మూసుకున్నా, చెవులు మాత్రం మూసుకోలేదు, అదే నేను చేసిన తప్పు. ఇప్పుడు ఆ సినిమాలో బొమ్మ ఒక్కటీ గుర్తులేదు, సౌండు మాత్రం ఎక్కడికక్కడ గుర్తుంది. (ఆ బ్యాక్‌గ్రౌండ్ కొట్టింది మణిశర్మ అని చాలా ఏళ్ళకి తెలిసింది, అప్పటికి ఆయన్ని క్షమించేశాను.)

ఇప్పుడు నలభైకి దగ్గర్లో ఉన్నా. చిక్కడపల్లిలో మా ఇంటి హాల్లో టీవీ కింద అరలో ముప్పై ఒక్క ఇటాలియన్ హారర్ సినిమాల ఎల్పీలున్నాయి, అంటే ఆ సినిమాల మ్యూజిక్ ఉన్న పెద్ద రికార్డు ప్లేట్లు. వాటిలో నేను పూర్తిగా చూసిన సినిమాలు రెండంటే రెండు. రెండోది కూడా పట్టపగలు, కర్టెన్లు తీసి, సౌండు బాగా తగ్గించి చూశా, అంటే ఏ సౌండు కోసం డబ్బులు తగలేసి రికార్డు కొన్నానో ఆ సౌండే తగ్గించి. మా ఆవిడ దీన్ని చుట్టాలందరికీ చెప్తుంది, చెప్పుకోనీ.

ఎలా అంటుకుందంటే, మాధాపూర్‌లో నైట్ షిఫ్ట్ చేసే రోజులు, పక్క సీటు కుర్రాడు ఒక హెడ్‌ఫోన్ నా చెవిలో పెట్టి ఇది విను అన్నాడు. జస్టిస్ అని ఇద్దరు ఫ్రెంచోళ్ళు, 2007లో వాళ్ళ ఆల్బమ్, అందులో 'ఫాంటమ్' అని పాట. ఏదో మిషన్ గొంతు పెట్టుకుని ఏడుస్తున్నట్టు, కానీ కింద బీటు మాత్రం తీన్మార్‌కి తక్కువేం కాదు. ఇది వాళ్ళది కాదురా, పాత ఇటలీ సినిమాలోంచి లేపింది అన్నాడు వాడు. అసలుది ఏదని వెతుక్కుంటూ పోతే 1982 నాటి 'తెనెబ్రే' అనే సినిమా తగిలింది, దారియో అర్జెంతో తీసింది. మ్యూజిక్ దగ్గర బ్యాండు పేరు లేదు, సిమొనెట్టి, పిన్యత్తెల్లి, మొరాంతె అని మూడు ఇంటిపేర్లు ఉన్నాయి. ఈ ముగ్గురూ అంతకుముందు గోబ్లిన్ అనే బ్యాండులో ఉన్నోళ్ళు, బ్యాండు విడిపోయాక ఒక సినిమా కోసం మళ్ళీ కలిసి, పాత పేరు పెట్టుకోవడం కుదరక సొంత పేర్లతో వేసుకున్నారు. ఆ రాత్రి ఎన్ని టికెట్లు క్లోజ్ చేశానో గుర్తులేదు కానీ ఆ పాట పొద్దున క్యాబ్ ఎక్కేదాకా తిప్పి తిప్పి విన్నా, క్యాబులో అందరూ పడుకుని ఉంటే నేను ఒక్కడినే తలూపుతూ కూర్చున్నా.

నాకు అర్థం కానిది ఒకటే. ఇది ఎవడో ఎవడినో గొడ్డలితో నరికే సీన్ల సినిమా. దానికి ఇంత డాన్సు వచ్చే మ్యూజిక్ ఎందుకు పెట్టారు? ఆ ప్రశ్న ఇప్పటికీ పోలేదు, దాని వెనకాలే ఈ ముప్పై ఒక్క రికార్డులు వచ్చాయి.

సరే గోబ్లిన్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే వీళ్ళు లేకపోతే ఈ పోస్టు లేదు. 1975లో అర్జెంతో 'ప్రొఫోందో రోస్సో' తీస్తున్నాడు, అంటే ముదురు ఎరుపు అన్నమాట. మ్యూజిక్‌కి జోర్జో గస్లీని అని పెద్ద జాజ్ పియానిస్టుని పెట్టుకున్నాడు. ఆయన కొట్టింది ఈయనకి నచ్చలేదు, ఇద్దరికీ చెడింది. అర్జెంతో మనసులో పింక్ ఫ్లాయిడ్ బ్యాండు ఉందట, వాళ్ళు దొరకలేదు. అప్పుడు చేతికి దొరికినోళ్ళు ఈ కుర్రాళ్ళు, ఇరవైల్లో ఉన్నారు, చెర్రీ ఫైవ్ అని వేరే పేరుతో ఒక రికార్డు చేసుకుని తిరుగుతున్నారు. గస్లీనివి కొన్ని ముక్కలు ఉంచి మిగతాది వీళ్ళు కొట్టారు. సినిమా సంగతి సరే, ఆ రికార్డు ఇటలీలో చార్టుల్లో పైకెక్కి కూర్చుంది. హంతకుడొచ్చే ముందు వినపడే మ్యూజిక్‌ని జనం ఇంటికి కొనుక్కెళ్ళి ప్లేయర్‌లో వేసుకున్నారు చూడండి, నేనొక్కడినే పిచ్చోడిని కాదని నాకు అక్కడ కొంచెం ధైర్యం వచ్చింది.

ఆ ఎల్పీలో మొదటి వైపు మూడే ముక్కలు. టైటిల్ ముక్క అందరికీ తెలిసిందే, గిటారూ కీబోర్డూ గుండ్రంగా తిరుగుతుంటాయి, చిటికెలు వేస్తే ఎక్కడో ఒక దెబ్బ తప్పిపోతుంది, మళ్ళీ మొదటినుంచి పట్టుకోవాలి, తర్వాత పెద్ద ఆర్గాన్ వచ్చి మీద కూలబడుతుంది. కానీ నాకు ప్రాణం రెండోది, 'డెత్ డైస్'. బేస్ గిటారు ముందు నడుస్తుంది, డ్రమ్ములు దాన్ని తరుముతుంటాయి, పైన పియానో గుద్దుతుంటాడు, ఫంక్ అంటే అదీ. సినిమా చూడనోడికి ఇది వినిపించి ఏ సీను అని అడిగితే కార్ చేజింగ్ అంటాడు, లేకపోతే క్లబ్బు డాన్సు అంటాడు. మా పాపకి ఆరేళ్ళు, అది వేస్తే సోఫా మీదకెక్కి ఎగురుతుంది. దానికి అసలు పేరు చెప్పలేదు, 'పిల్లి పరుగు పాట' అని చెప్పా.

తర్వాత 1977లో 'సుస్పీరియా'. దీని మ్యూజిక్ కొంత షూటింగ్‌కి ముందే చేసి పెట్టుకుని, సెట్‌లో గట్టిగా వేసి యాక్టర్లని దాని మధ్యలో నడిపించారు. ఇక్కడ మా అమ్మ ఎంటర్ అవుతుంది. ఆదివారం పొద్దున, అమ్మ వంటింట్లో చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది, నేను కొత్తగా వచ్చిన సుస్పీరియా ఎల్పీ పెట్టా. గంటల్లాంటి చిన్న చిన్న చప్పుడు, తర్వాత తీగల వాయిద్యం, తర్వాత తబలా. నిజం తబలానే, వాళ్ళ బేస్ గిటారు ఆయన పిన్యత్తెల్లి వాయించాడు, ఆ తీగలది గ్రీకువాళ్ళ బుజూకీ, మొరాంతె వాయించాడు. తబలా వినపడగానే లోపల్నుంచి అమ్మ, "ఇవాళేంట్రా బుద్ధిగా భజన పెట్టావు, కొంచెం సౌండు పెంచు" అంది. నేను పెంచా. నా తప్పేం లేదు, పెంచమంది కాబట్టి పెంచా. సరిగ్గా అప్పుడే లా లా లా అని గొంతులో ఇసుక పోసుకున్నట్టు ఒక మనిషి గొణుగుడు మొదలై, మంత్రగత్తె అని ఇంగ్లీషులో బుస కొట్టాడు. చిక్కుడుకాయల పళ్ళెం కింద పడ్డ చప్పుడు రికార్డులో లేదు, మా ఇంట్లోదే.

"ఆపరా ఆ దరిద్రాన్ని, ఆదివారం పూట!" అని అమ్మ వచ్చింది కానీ ఆపలేదు, నిలబడి కాసేపు విని, "తబలా మాత్రం బాగానే వాయించాడు" అని వెళ్ళిపోయింది. నేను ఇంతకంటే మంచి రివ్యూ ఎక్కడా చదవలేదు.

మా నాన్నది ఇంకో దారి. ఆయన కృష్ణ ఫ్యాను, 1971లో 'మోసగాళ్లకు మోసగాడు' ఎన్నిసార్లు చూశారో ఆయనకే లెక్కలేదు. కౌబాయ్ టోపీ, గుర్రం, ఎడారి, అదంతా ఇటలీవాళ్ళ వెస్టర్న్ సినిమాల గాలే కదా, అంటే మా ఇంట్లో ఇటలీ పిచ్చి నాతో మొదలవ్వలేదు. నేను మొరికోనె అనే ఇటలీ మ్యూజిక్ డైరెక్టర్ రికార్డు పెడితే నాన్న పేపర్లోంచి తలెత్తి, "ఇది కౌబాయ్ సినిమాలాయనే కదరా, పిస్తోలు మోతలు లేవేంటి?" అన్నారు. నిజమే, ఆయనే. మనవాళ్ళు ఇక్కడ గుర్రాలెక్కిన 1970, 71 ఆ టైములోనే మొరికోనె అక్కడ అర్జెంతో మొదటి మూడు సినిమాలకి కొట్టాడు. అందులో తొమ్మిది తోకల పిల్లి అని అర్థం వచ్చే పేరుతో 1971లో వచ్చినదాంట్లో 'నిన్న నన్న ఇన్ బ్లూ' అని ఒక ముక్క ఉంది. నిన్న నన్న అంటే ఏంటో తెలుసా, జోలపాట. నీలిరంగు జోలపాట. ఎద్దా దెల్లోర్సో అని ఒకావిడ మాటలేం లేకుండా ఉత్త గొంతుతో పాడుతుంది. మొరికోనె వెస్టర్న్ పాటల్లో ఎత్తుగా ఎగిరే ఆడగొంతు కూడా ఈవిడదే, ఇక్కడ మాత్రం పక్కన కూర్చుని జోకొడుతున్నంత నెమ్మదిగా ఉంటుంది.

ఆ జోలపాట దగ్గరే నాకు కొంచెం బుర్ర వెలిగింది. ప్రొఫోందో రోస్సోలో కూడా హంతకుడు రాబోయే ముందు చిన్నపిల్లల పాట టేపులో వేస్తాడు, అదే గస్లీని మిగిల్చిపోయిన ముక్కల్లో ఒకటి, ఎల్పీలో 'స్కూల్ ఎట్ నైట్' అని ఉంటుంది. ఇప్పటి హారర్ సినిమాల్లో ఏం చేస్తారు, కాసేపు ఏమీ వినపడనివ్వరు, తర్వాత ఢాం అని చెవిలో కొడతారు. అది భయం కాదు, ఉలికిపాటు, కుక్కర్ విజిల్‌కి కూడా ఉలిక్కిపడతాం. ఇటలీవాళ్ళు అలా చెయ్యరు, మంచి ట్యూన్ ఇస్తారు, నువ్వు కూనిరాగం తీసేదాకా ఆగుతారు, తర్వాత ఆ ట్యూన్ మొదలైనప్పుడల్లా నీకు చెమట పడుతుంది. ఆలోచిస్తే మన పాత సినిమా దయ్యాలూ అంతే కదా. తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, చేతిలో దీపం, పాట లేకుండా ఒక్క దయ్యమూ గేటు దాటదు. 1965లో 'అంతస్తులు' సినిమాలో 'నిను వీడని నీడను నేనే' పాట, సుశీలమ్మ గొంతు, ఎంత తియ్యగా ఉంటుందో అంత వణుకు. కరెంటు పోయినప్పుడు అత్తయ్య ఆ పాట ఎత్తుకుని మమ్మల్ని ఏడిపించేది. అంటే ఈ ఇటలీ సరుకు నాకు కొత్తగా ఎక్కలేదు, లోపల ఎప్పుడో అత్తయ్య దున్ని పెట్టిన పొలంలో పడింది.

ఈ రకం మర్డర్ సినిమాల్ని వాళ్ళు జాల్లో అంటారు, అంటే పసుపు. మొండదోరి అనే పబ్లిషర్ 1929 నుంచి క్రైమ్ నవలలు పసుప్పచ్చ అట్టలతో వేసేవాడు, అక్కడ్నుంచి ఆ రంగే ఆ రకం కథలకి పేరైపోయింది. మనకి పసుపంటే పెళ్ళి, వాళ్ళకి పసుపంటే మర్డరు. మనకీ అద్దె లైబ్రరీల్లో డిటెక్టివ్ నవలలు గుట్టలుండేవి కానీ అట్టల మీద అన్ని రంగులూ వాడేసేవాళ్ళు కాబట్టి మనకి అలాంటి పేరు రాలేదు.

ఇక కొనడం సంగతి. హైదరాబాద్‌లో పాత రికార్డు ప్లేట్ల కోసం తిరగని చోటు లేదు నేను. ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మేరాత్ బజార్, అబిడ్స్ ఫుట్‌పాత్. దొరికేవి ఏంటంటే ఘంటసాల భగవద్గీత, బోనీ ఎం, మళ్ళీ ఘంటసాల భగవద్గీత, నజ్రానా ముఖేష్ పాటలు, ఇంకో ఘంటసాల భగవద్గీత. ఇటాలియన్ హారర్ ఇప్పటిదాకా ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు, దొరుకుతుందనీ కాదు, కానీ ఆ గుట్టలో వేళ్ళు పెట్టి ఒక్కోటి వెనక్కి తోస్తుంటే వచ్చే ఆశ ఉంటుంది చూడండి, లాటరీ టికెట్ కొన్నోడి ఆశ. ఎర్రగడ్డలో ఒకాయన నన్ను చూసీ చూసీ అడిగేశాడు, "అన్నా, గీ ప్లేట్లు గోడకి కొట్టుకుంటవా? మొన్న కాఫీ షాపోళ్ళు యాభై తీస్కపోయిండ్రు, గడియారాలు చేస్తరంట." లేదన్నా వింటా అంటే నమ్మలేదు. "ఇనేటందుకు ఫోన్ ఉంది కదనే" అన్నాడు, దానికి నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి సరుకంతా బయట్నుంచే. డిస్కాగ్స్ అనే వెబ్‌సైట్‌లో పాత ఒరిజినల్స్ దొరుకుతాయి, రేటు చూస్తే రక్తం కారే పని సినిమాలో కాదు మనకే జరుగుతుంది. అదృష్టం ఏంటంటే గత పది పదిహేనేళ్ళలో డెత్ వాల్ట్జ్, వాక్స్‌వర్క్ లాంటి లేబుల్స్ ఇవన్నీ మళ్ళీ నొక్కి అమ్ముతున్నాయి. వాటికీ షిప్పింగు, దాని మీద కస్టమ్స్, చివరికి రికార్డు ధర కంటే రికార్డు ఇంటికొచ్చే ధర ఎక్కువ. అందుకని నేను డాలస్ నుంచి వచ్చే ప్రతి చుట్టానికీ ఒక రికార్డు డ్యూటీ వేస్తా. అందరూ ఐఫోన్లూ బాదంపప్పులూ అడుగుతారు, వీడేంటి శవాల బొమ్మలు అడుగుతాడు అని పేరు. మా పెద్దమ్మ కొడుకు, అన్నయ్య, పోయిన సంక్రాంతికి 'జాంబీ 2' తెచ్చాడు, 1979 సినిమా, లూచో ఫుల్చి డైరెక్షన్, ఫాబియో ఫ్రిజ్జి మ్యూజిక్కు. దాని బొమ్మ తెలిసినోళ్ళకి తెలుసు, కుళ్ళిన మొహం, కంట్లోంచి పురుగులు. వదిన అది చూసి సూట్‌కేసులో అలా పెట్టనివ్వలేదట, కొత్త తలగడ గలీబులో చుట్టి, రెండు బాదం ప్యాకెట్ల మధ్య, బొమ్మ కిందకి తిప్పి పెట్టింది. మా ఇంటికొచ్చాక ఆ గలీబు కూడా తిరిగి తీసుకోలేదు, ఉంచేసుకో మరిదీ అంది.

అప్పుడు ఇంట్లో పంచాయితీ అయింది. తీర్పు ఏంటంటే, పాప ఉంది కాబట్టి అన్నిటికీ అట్టలు వెయ్యాలి. జూన్‌లో స్కూలు పుస్తకాలకి వేస్తాం కదా బ్రౌన్ పేపరు, అలాగే. మా ఆవిడ కూర్చుని పాప పుస్తకాలతో పాటే నా రికార్డులకీ వేసింది, మీద లేబుల్ కూడా అంటించింది. లేబుల్లో పేరు, తరగతి, సబ్జెక్టు అని ఉంటాయి కదా. పేరు దగ్గర సినిమా పేరు రాశా, తరగతి దగ్గర సంవత్సరం, సబ్జెక్టు దగ్గర మా ఆవిడే రాసింది, అన్నిటికీ ఒకటే: 'దయ్యాలు'. రికార్డులు సేకరించేవాళ్ళు చూస్తే గుండె పగులుతుంది, అసలు కవరు మీద గమ్ తగలకుండానే వేశాం, కంగారు పడకండి.

ప్లేయర్ కథ ఇంకోటి. మొదట్లో నాకేం తెలీదు, ప్లేయర్ వైరు తీసుకెళ్ళి ఇంట్లో ఉన్న పాత యాంప్లిఫైయర్‌లో ఆక్స్‌లో గుచ్చా. దోమ పాడినట్టు వచ్చింది. ఎందుకంటే ముల్లు దగ్గర పుట్టే కరెంటు ఐదు మిల్లీవోల్టులు అటూ ఇటూ, అంతే. పైగా రికార్డు కోసేటప్పుడే బేస్ తగ్గించి, సన్నని సౌండు పెంచి కోస్తారు, లేకపోతే బేస్‌కి గాడి వెడల్పయిపోయి ఎల్పీలో పాటలు పట్టవు. వినేటప్పుడు దాన్ని తలకిందులు చేసి సరిచెయ్యాలి, ఆ లెక్కని ఆర్‌ఐఏఏ అంటారు, 1954 నుంచి అందరికీ అదే లెక్క. ఆ పని చేసే డబ్బాని ఫోనో ప్రీయాంప్ అంటారు. కోఠీ గుజరాతీ గల్లీకి పోయి అడిగితే మొదటి షాపులో ఫోన్ ఛార్జర్ చూపించారు, రెండో షాపులో పెళ్ళి మైకుల యాంప్లిఫైయర్ చూపించారు, మూడో షాపులో ఒక పెద్దాయన అద్దాలు పైకి తోసుకుని, అరే ఇది అడిగినోడు వచ్చి ఎన్నేళ్ళైంది బేటా అని, పైన అటక మీంచి దుమ్ము దులిపి ఒకటి తీశాడు. టీ కూడా ఇప్పించాడు.

పెట్టా. బేస్ వచ్చింది, గోబ్లిన్ వచ్చారు, వాళ్ళతో పాటు ఇంకోటి కూడా వచ్చింది, బూ...మ్ అని ఒక హమ్. పాటకీ పాటకీ మధ్యలో, ముల్లు పైకెత్తినా కూడా. నిజంగా చెప్తున్నా, మొదటి రాత్రి అది సినిమాలోదే అనుకుని ఆహా ఏం మూడు క్రియేట్ చేశాడ్రా అనుకున్నా. ప్లేయర్ వెనక సన్నని వైరు ఉంటుంది, దాన్ని యాంప్లిఫైయర్ స్క్రూకి బిగించాలి, బిగిస్తే సగం తగ్గింది. మిగతా సగం ఎందుకు పోలేదో ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్ట్ ల్యాంపు పెట్టి చూసి చెప్పాడు, "సార్, మీ ఇంటికి ఎర్తింగే లేదు." తాతయ్య కట్టించిన ఇల్లు, ప్లగ్గుల్లో మూడో బెజ్జం ఉంది కానీ అది ఎక్కడికీ పోదు. ఫ్రిజ్జు ముట్టుకుంటే సన్నగా జివ్వుమనేది, అది మా ఇంటి స్వభావం అనుకున్నాం ఇన్నాళ్ళూ.

ఎర్తింగ్ గుంత తవ్వాలన్నాడు. ఏ రోజు ఖాళీ అంటే ఆదివారం వస్తా అన్నాడు, ఆ రోజు అమావాస్య, వేరే ఎవరూ పనులు పెట్టుకోరు కాబట్టి ఖాళీగా ఉన్నాడు. ఇది నాకు తట్టలేదు. ఇంటి వెనక పెరట్లో, బాదం చెట్టు పక్కన, నిలువులోతు గుంత. అందులో రాగి రేకు ఒకటి నిలబెట్టి, చుట్టూ ఒక పొర ఉప్పు, ఒక పొర బొగ్గు, మళ్ళీ ఉప్పు, మళ్ళీ బొగ్గు. ఎండగా ఉందని హెల్పర్ కుర్రాడికి మా ఆవిడ నిమ్మకాయ నీళ్ళు కలపమని అన్నీ బయటే ఇచ్చింది, వాడు పిండిన నిమ్మచెక్కలు గుంత గట్టు మీదే పెట్టాడు. సాయంత్రం చీకటి పడుతోంది, నేను లుంగీలో, చొక్కా లేకుండా, ఒంటికి బొగ్గుమసి, బిందెతో గుంతలో నీళ్ళు పోస్తున్నా. ఇంట్లో మా పాప సుస్పీరియా పెట్టింది.

పక్కింటి పిన్నిగారు డాబా మీద ఆరేసిన బట్టలు తీసుకోవడానికి వచ్చారు.

అమావాస్య ఆదివారం, రాగి రేకు, ఉప్పు, బొగ్గు, నిమ్మకాయలు, లోపల్నుంచి మంత్రగత్తె. ఆవిడ బట్టలు తియ్యకుండానే దిగిపోయారు. మర్నాడు మా అమ్మని గుళ్ళో పట్టుకుని, "వదినా, మీవాడికి ఆఫీసులో ఏమైనా ఇబ్బందా" అని మెల్లిగా అడిగారట. అమ్మ వైరింగు గురించి చెప్పింది, ఆవిడ తలూపారు, నమ్మలేదు. ఇప్పటికీ వాళ్ళింట్లో కూరలో కరివేపాకు కావాలంటే గేటు దగ్గర్నుంచే అడుగుతారు. హమ్ మాత్రం పోయింది, పూర్తిగా. ఫ్రిజ్జు కూడా జివ్వుమనట్లేదు.

ఆ నిశ్శబ్దంలో మొదట పెట్టింది బ్రూనో నికొలాయ్ రికార్డు, 1972 సినిమా, చీకటికి ఉన్న అన్ని రంగులూ అని అర్థం వచ్చే పేరు. దాంట్లో సితార్ ఉంటుంది. అప్పట్లో యూరప్ వాళ్ళకి సితార్ అంటే మత్తు, క్షుద్రం, తలతిరుగుడు. మనకేమో సితార్ వినపడితే రేడియోలో వార్తలకి ముందు టైమ్‌పాస్ సంగీతం, ఎవరైనా పెద్దాయన పోతే దూరదర్శన్‌లో రోజంతా అదే. అంటే వాళ్ళూ మనమూ వేరే దారుల్లో చావు దగ్గరకే తీసుకెళ్ళాం దాన్ని, పాపం. స్తెల్వియో చిప్రియాని బొంగో డ్రమ్ములు కూడా ఆ రోజే విన్నా, మారియో బావ అనే డైరెక్టర్ 1971 సినిమాది, హమ్ ఉన్నప్పుడు ఆ బొంగోల్లో వేళ్ళ చప్పుడు వినపడేది కాదు, ఇప్పుడు చర్మం మీద గోరు తగిలింది కూడా వినపడుతోంది.

రిజ్ ఒర్తొలాని గురించి ఒకటి చెప్పి వదిలేస్తా. ఆయన 'క్యానిబల్ హోలోకాస్ట్' అని 1980లో వచ్చిన సినిమాకి కొట్టాడు, ఆ సినిమా కథ ఇక్కడ రాయను, మీరు వెతకనూ వద్దు. కానీ టైటిల్ మ్యూజిక్ ఉంది చూడండి, గిటారు, వయొలిన్లు, లేత ఎండలా ఉంటుంది. మా బావమరిది పెళ్ళిళ్ళ ఫోటోగ్రఫీ చేస్తాడు, మా ఇంటికొచ్చినప్పుడు అది ప్లే అవుతుంటే, "బావా ఇది సూపరుంది, ప్రీవెడ్డింగ్ షూట్‌కి వాడుకోవచ్చా" అన్నాడు. నేను సినిమా పేరు చెప్పలేదు, ఇటలీదిరా, కాపీరైట్ పడుతుంది అన్నా. శంషాబాద్ దగ్గర గడ్డిలో పరిగెత్తే జంట వెనక అది వస్తున్నట్టు అప్పుడప్పుడు కలొస్తుంది నాకు.

కొత్త రీఇష్యూల మీద నాకున్న ఒకే కంప్లైంటు రంగులు. రక్తం చిమ్మినట్టు ఎరుపు చుక్కలు, ఆకుపచ్చ పొగ, సగం నలుపు సగం తెలుపు, ఒకే రికార్డు నాలుగు రంగుల్లో తెచ్చి నాలుగూ కొనమంటారు. ఎరుపు చుక్కలది నా దగ్గర ఒకటుంది, తెల్లచొక్కా మీద మామిడి రసం కారినట్టుంది తప్ప నాకైతే భయం వెయ్యలేదు. నల్లదాని మీద దీపం వెలుతురు పడి గాడులు మెరుస్తుంటే అదే చాలు.

ఇక ఇప్పటి బాధకి వస్తా, అసలు ఈ పోస్టు మొదలెట్టిందే దీని గురించి. ఈ మే నెల మొదటి వారంలో నాకు ఫ్రిజ్జిదే ఇంకో రికార్డు రావాలి, 1981 ఫుల్చి సినిమా, ఇటాలియన్‌లో 'లాల్దిలా', అంటే పరలోకం. కోరస్ గొంతులు, కింద బేస్ గిటారు ఫంకు, నేను మూడేళ్ళు ఆగి కొన్నది. కొరియర్ అతను నేను లేనప్పుడు వచ్చి, ఫోన్ చెయ్యకుండా, గేటు పక్క కాంపౌండ్ వాల్ మీద పెట్టి, డెలివరీ అయిందని ఫోటో తీసి పంపి వెళ్ళిపోయాడు. మిట్టమధ్యాహ్నం. అమ్మ పడుకుని ఉంది. నాలుగింటికి నేనొచ్చి అట్టపెట్టె ముట్టుకుంటే పెనం. లోపల రికార్డు అప్పడంలా లేచింది, కాల్చిన అప్పడం కాదు, ఎండబెట్టినప్పుడు అంచులు లేస్తాయి చూడండి అలా. ప్లేయర్ మీద పెడితే ముల్లు పడవలా పైకీ కిందకీ, పాట తాగినోడిలా. వాళ్ళకి మెయిల్ పెడితే డెలివరీ సక్సెస్ అని చూపిస్తోంది సార్ అని జవాబు.

వంకర తియ్యడానికి ఒక పద్ధతి ఉంది, రెండు గాజు పలకల మధ్య పెట్టి కొంచెం వేడి తగలనిచ్చి, తర్వాత బరువు పెట్టి వదిలెయ్యడం. వేడి ఎక్కువైతే గాడులు పోతాయి, తక్కువైతే వంగదు. పాత టీపాయ్ గాజు రెండు ముక్కలు కోయించి, డాబా మీద పొద్దున ఎండలో పది నిమిషాలు, చెయ్యి పెట్టి చూస్తూ. మెత్తబడింది అనిపించగానే పరిగెత్తి స్టోర్ రూమ్‌లోకి తెచ్చా, అక్కడ నాపరాళ్ళ గచ్చు, ఇంట్లో అంత సమంగా ఉండే చోటు ఇంకోటి లేదు. బరువేదీ అని చూస్తే ఎదురుగా అమ్మ ఆవకాయ జాడీ, ఆ రోజే కలిపింది, పది కాయలది, గుడ్డ కట్టి ఉంది. రెండు చేతులా ఎత్తి గాజు మీద పెట్టేశా. పరలోకం ఆవకాయ కింద.

అమ్మ చూసింది, ఏమీ అనలేదు. మూడో రోజు తిరగకలిపే రోజు కదా, నేను ఆఫీసు నుంచి తొందరగా వచ్చేశా, జాడీ తీస్తుంది, నేను రికార్డు చూసుకోవచ్చని. వచ్చేసరికి కలపడం అయిపోయింది, నూనె పోయడం అయిపోయింది, జాడీ మళ్ళీ గాజు మీదే, అదే చోట, గుడ్డ బిగించి. తియ్యబోతే, "ముట్టుకోకు, స్నానం చెయ్యకుండా ఊరగాయ జాడీ ముట్టుకుంటావా" అంది. స్నానం చేసొచ్చా. "ఇప్పుడు కదిపితే నూనె తేరదు, ఉండనీ" అంది. ఎప్పటిదాకా అంటే, "ఊరేదాకా" అంది.

ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు.